సూదయ్య ముస్తాబు చేసిన ఇల్లు

తుమ్మలకోన అడవిలో నేల మీద కంటే నేల కింద ఇళ్ళే ఎక్కువ. కుందేళ్ళు, ముంగిసలు, అలుగులు బొరియల్లో ఉండేవి. ఆ కోనలోనే సూదయ్య అనే ముళ్ళపంది భార్య కొండమ్మతో కాపురం ఉండేవాడు.

వాళ్ళ బొరియలో ముందు ఒక గది, వెనక ఒక చిన్న గది. రెండూ బోసిగా ఉండేవి. ముళ్ళపందికి ఇంట్లో కావలసింది ఖాళీ చోటే మరి! శత్రువు వస్తే అది గిరుక్కున తిరిగి వీపు చూపించాలి. ముళ్ళన్నీ వెనక వైపే. ముందున్నది మెత్తని ముక్కు.

ఒకరోజు ఒక కుందేలు తొంగిచూసి, "ఇంతేనా మీ ఇల్లు?" అంది. సూదయ్యకు తల కొట్టేసినట్టయింది. వాగులోంచి తెల్లని గులకరాళ్ళు మోసుకొచ్చి ముందు గది గోడల వెంట పేర్చాడు. నెమలి ఈకలు గుచ్చాడు. నత్తగుల్లలు వరుసగా అమర్చాడు. గది సగమైపోయింది. చూసిన జంతువులన్నీ ఆహా ఓహో అన్నాయి. సూదయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

కొండమ్మ అప్పుడు నిండు చూలాలు. గదిలోకి వస్తే ఈకలు ముక్కుకు తగిలి తుమ్ములు, బయటికి పోవాలంటే వెనక్కి వెనక్కి నడక. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, ఇందులో తిరగడానికి చోటేదీ?"

"నలుగురూ ఎలా మెచ్చుకుంటున్నారో చూడవే!"

"ఆ నలుగురూ గుమ్మంలో నిలబడి చూసిపోతారు. లోపల బతికేది మనం."

సూదయ్య వినలేదు. కొండమ్మ వాదించడం మానేసింది. వెనక గదిని తన గోళ్ళతో ఇంకాస్త వెడల్పు చేసింది. మెత్తగా ఎండుగడ్డి పరిచింది. తినే దుంపలు ఒక మూల, పళ్ళు అరగదీసుకునే ఎముక ఒక మూల, చేతికందేలా పెట్టుకుంది. మధ్యలో తానొకసారి చుట్టూ తిరిగి చూసి, సరిపోయిందనుకుంది.

"ఛీ, ఈ గది ఎవరికైనా చూపించగలమా?" అని సూదయ్య నవ్వాడు.

కొన్నాళ్ళకు ఆ గదిలోనే ఇద్దరు పిల్లలు పుట్టారు. వాళ్ళ ముళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఆ పిల్లల వాసన పట్టి ఒక మధ్యాహ్నం నక్క బొరియలో దూరింది.

ముందు గదిలో పడుకున్న సూదయ్య ఉలిక్కిపడి లేచాడు. తిరగబోయాడు. ముళ్ళు రాళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. ఇటు తిరగబోతే గుల్లలు, అటు తిరగబోతే ఈకలు. నక్క అతని ముక్కు కరిచేసింది.

"చచ్చానే, కొండమ్మా!"

కొండమ్మ పిల్లల్ని మూలకు నెట్టి, తాను అడ్డంగా నిలబడి కేకేసింది: "ముళ్ళు వాల్చుకుని వెనక్కి రా! ఇక్కడ తిరుగు!"

సూదయ్య ముక్కు విదిలించుకుని వెనక్కి పాకాడు. చిన్న గదిలో అడుగుపెట్టగానే గిరుక్కున తిరిగి ముళ్ళు నిక్కబొడిచాడు. వెంటపడి వచ్చిన నక్క మూతికి నాలుగు ముళ్ళు దిగాయి. అది ఏడుస్తూ అడవి దాటిపోయింది.

ప్రాణాలు దక్కాయి గానీ, సూదయ్య ముక్కు కొస మాత్రం పోయింది. మర్నాడే అతను గులకరాళ్ళన్నీ బయటికి దొర్లించాడు. "అయ్యో, అంత అందమైన గదిని పాడుచేశారేం?" అని అలుగు అడిగింది.

"ముందు నా ముక్కు చూడు, తర్వాత గది సంగతి అడుగు" అన్నాడు సూదయ్య.

నీతి: ఇంటిని చూసిపోయేవారి మెప్పు కోసం కాదు, అందులో రోజూ బతికేవారి అవసరం కోసం అమర్చుకోవాలి.