అలిగిన గోలీల పెట్టె

అనగనగనగా, అలల చప్పుడు వినపడే ఒక ఊళ్ళో, ఒక సోడాల కొట్టు ఉండేది తల్లీ. ఆ కొట్టు నూకాలమ్మది. ఆవిడ కోడలు ముత్యాలు. పెళ్ళై రెండు నెలలే అయింది. మొగుడు వేటకని పడవెక్కితే పదేసి రోజులు రాడు. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే.

ఆ కొట్టులో ఓ మూల గోలీల పెట్టె ఉండేది. చంటిపిల్లల మంచమంత పెట్టె. నాలుగు ఇనుప కాళ్ళు, పైన అద్దం, తల దగ్గర దీపాలు వెలిగే బొమ్మల పలక. కమ్మీ లాగి వదిలితే ఉక్కు గోలీ పైకి ఉరికి, గంటలు మోగించుకుంటూ కిందకి దొర్లేది. పక్కనున్న మీటలు నొక్కితే లోపల రెండు బుల్లి రెక్కలు దాన్ని మళ్ళీ పైకి కొట్టేవి.

నూకాలమ్మ పెనిమిటి ఓడ కళాసీల క్లబ్బులో కాపలా ఉండేవాడు. క్లబ్బు మూసేస్తూ ఆ పెట్టె ఆయన చేతిలో పెట్టి పోయారు. ఆయన పోయాక నూకాలమ్మ రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత పెట్టె మీద ఒక్క ఆట ఆడేది. అప్పుడే కొట్టు తెరిచేది.

ఎవరైనా పెట్టెని గట్టిగా కుదిపారనుకో, పలక మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వెలిగి, రెక్కలు చచ్చుబడిపోయేవి. ఆ అక్షరాలు చదవడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అందుకని "పెట్టె అలిగింది" అనుకునేవారు. ఆ గోలీ పోయి ఇంకో గోలీ వచ్చేసరికి అలక తీరేది.

ముత్యాలుది కాస్త తొందర చెయ్యి. వచ్చిన నెల్లోనే ఆవకాయ జాడీ పగిలింది. ఆ తర్వాత సోడా సీసాలు జారాయి. అప్పుడు నూకాలమ్మ అంది, "మూడోది పాడుచేసేవంటే మీ బాబుకి కబురెడతాను. వచ్చి తోలుకుపోతాడు."

ముత్యాలు తండ్రి ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే మనిషి. ఒకరి చేత మాట పడి ఎరగడు. అత్త ఊరికే అందో, నిజంగా అందో ముత్యాలుకి తెలీలేదు. అడగడానికి నోరు రాలేదు.

ఒకనాడు నూకాలమ్మ అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం చూసొస్తానని మూడు రోజులకి మూట కట్టింది. "పెట్టెకి దుమ్ము పట్టింది, కాస్త తుడు," అని బస్సెక్కింది.

తుడవడం ఏపాటి, అనుకుంది ముత్యాలు. అత్త వచ్చేసరికి కొత్తదాన్లా చేసేస్తే ఆ కబురు మాట మర్చిపోతుంది కదా!

మొదటి రోజు కుంకుడుకాయలు నానబెట్టి, ఆ రసంతో పెట్టె పక్కలు రుద్దింది. ఉప్పుగాలికి పట్టిన జిడ్డంతా వదిలింది. దాంతోపాటు పెట్టె పక్కన రంగులతో వేసిన దొరసాని బొమ్మకి గొడుగు కూడా వదిలింది!

పక్కింటి ఆదమ్మ తొంగి చూసి, "ఓలమ్మో, దొరసానికి తలంటేసేవేటే?" అంది.

 ముత్యాలు గబగబా పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్ర లక్క కడ్డీ తీసింది. వేడి చేసి, చెక్కకి అద్ది, మొగలాకుతో నున్నగా రుద్ది గొడుగు నిలబెట్టింది. కానీ పాత గొడుగు వెలిసిన గులాబీ రంగు. ఇదేమో పండు మిరపకాయ ఎరుపు. అత్త కళ్ళు ఊరుకుంటాయా?

రెండో రోజు కొబ్బరి పీచూ కిరసనాయిలూ పెట్టి ఇనుప కాళ్ళ తుప్పు వదిలించింది. తుప్పుతో బిగిసిన మర కాస్తా జారి, పెట్టె ఒక పక్కకి ఒరిగింది. భుజం ఆన్చి, "పిన్నీ, పరిగెత్తుకురా!" అని కేకేసింది. ఆదమ్మ వచ్చి మర బిగించేదాకా ఊపిరి తియ్యలేదు.

మూడో రోజు అద్దం పక్కన పెట్టి, మూత లేపి, లోపలి దుమ్ము దులిపింది. అక్కడ ఓ మూల ఇనుప కడియం, దాని నడుమ తీగకి వేలాడుతూ బొంగరంలాంటి చిన్న గుండు కనపడ్డాయి. గుండు ఊగుతోంది. ముత్యాలు రెండు చేతులూ జోడించింది. మామగారు కట్టిన దిష్టి గుండు! నిన్న ఒరిగినప్పుడు తెగి పడుంటేనో? పసుపు రాసిన దారం తెచ్చి, గుండుని కడియానికి చేర్చి మూడు ముళ్ళు వేసింది.

ఆ తర్వాత అద్దం బిగించి స్విచ్చి వేసింది. ఎర్ర అక్షరాలు వెలిగాయి. మీటలు నొక్కితే రెక్కలు లేవలేదు. ఇంకో గోలీ వదిలింది. అక్షరాలు అలాగే ఉన్నాయి. పెట్టె అలిగింది. అలక తీరడం లేదు!

సాయంత్రం బస్సుకి అత్త వస్తుంది. ముత్యాలు కర్పూరం వెలిగించింది. బెల్లం ముక్క పెట్టింది. ఆఖరికి చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీసింది.

"పెట్టెకి గుంజీళ్ళేటే? మీ అత్తకి దాచుకో!" అంది ఆదమ్మ.

అప్పుడు ముత్యాలు నేల మీద కూలబడింది. పెట్టె అలిగితే అత్త ఏం చేసేది? చేతులు తీసేసి ఊరుకునేది. లోపల ఏదో టింగు టింగుమని ఊగి, ఊగి ఆగేది. ముత్యాలు లేచి పెట్టెని మెల్లిగా కదిపింది. చప్పుడు లేదు. ఊగవలసింది ఊగడం లేదు. తను కట్టేసింది!

కానీ దిష్టికి కట్టింది విప్పచ్చా? పడవ మీద ఉన్న మనిషికి ఏమైనా అయితే?  "తండ్రీ సూర్యనారాయణా, తెలీక కట్టాను, తెలిసి విప్పుతున్నాను," అని కళ్ళకద్దుకుని మూత లేపింది. ఒక ముడి విప్పింది. రెండోది విప్పింది. మూడోది ఎంతకీ రాకపోతే పంటితో కొరికింది. గుండు ఊగింది. టింగుమంది. మళ్ళీ స్విచ్చి వేస్తే ఎర్ర అక్షరాలు లేవు. రెక్కలు లేచాయి.

అప్పుడే సందు మొదట్లో బస్సు హారను మోగింది.

నూకాలమ్మ కాళ్ళు కడుక్కుని, ప్రసాదం చేతిలో పెట్టి, పెట్టె చుట్టూ తిరిగింది. దొరసాని దగ్గర ఆగింది. ఆగిందంటే అక్కడే ఆగిపోయింది.

ముత్యాలు ఉండబట్టలేక గొడుగూ, కాలూ, దారమూ అన్నీ చెప్పేసింది. "మూడూ నేనే అత్తా."

నూకాలమ్మ కమ్మీ లాగి గోలీ వదిలింది. గంటలు మోగాయి. ఆవిడ నడుముతో పెట్టెని ఒక్క తోపు తోసింది. ఎర్ర అక్షరాలు వెలిగాయి.

"అది దిష్టి గుండు కాదే, ఎర్రిమొకమా! కుదుపు కనిపెట్టే గుండు. పోయి కడియానికి తగిల్తే అలుగుద్ది. నువ్వు తగిలించి ముడేసేవు, అది అలగదా మరి?"

ముత్యాలు తల వంచుకుంది.

"మీ బాబుకి కబురెడతాను," అంది నూకాలమ్మ.

ముత్యాలు కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"ఈ ఎర్ర లక్క ఇంకో రెండు కడ్డీలు అట్టుకు రమ్మని. దొరసాని గౌను కూడా వెలిసిపోనాది. రెండ్రోజులుండి కూతురు చేసిన పని చూసుకుంటాడు. ఏడుపు ఆపి అన్నం వడ్డించు, ఆకలేస్తంది."

కథ కంచికి, కునుకు కంటికి.
గోలీ గుంటకి, మనమిక ఇంటికి.