కొత్తరేవు జట్టు చొక్కాలు

బందరులో జుబేదా గారు తన ఇంటి ముందు గదిలోనే చొక్కాల మీద అచ్చు వేయడం నేర్పేవారు. ఎవరెంత చక్కగా వేసినా "బాగుంది" అన్న మాట ఆవిడ నోట వచ్చేది కాదు. తప్పుంటే వేలు పెట్టి చూపేవారు, లేకపోతే ఊరుకునేవారు.

శిష్యురాలు నాంచారికి ఆ మౌనం మింగుడుపడలేదు. ఒకనాడు అడిగేసింది. "అమ్మా, నా పని బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ సన్నని జాలీ గుడ్డ బిగించిన చెక్క చట్రం, నీలం రంగు డబ్బా ఆమె చేతికిచ్చారు. "మీ ఊరి ఆడపిల్లల కబడ్డీ జట్టుకు చొక్కాలు కావాలన్నావుగా. మీ ఇంట్లో నువ్వే వెయ్యి. నాకు చూపించక్కర్లేదు."

నాంచారిది సముద్రం ఒడ్డున కొత్తరేవు. ఆ పిల్లలు అన్నదమ్ముల చొక్కాలు తొడుక్కుని పట్నం పోటీలకు వెళ్లేవారు. వాళ్లది ఏ ఊరో మైకు పట్టుకున్నాయనకు ఎప్పుడూ తెలిసేది కాదు. "అవతలి జట్టు" అని సరిపెట్టేవాడు.

నాంచారి వంటింటి బల్ల ఖాళీ చేసింది. రంగు వెనక్కి దిగకుండా చొక్కాలో అట్ట దూర్చి, ఊరి పేరు అక్షరాలు కోసిన కాగితం జాలీ అడుగున అంటించి, పైన రంగు పోసి, రబ్బరు పట్టీతో లాగింది. రెండోసారి లాగేసరికి చట్రం కాస్త జరిగింది. ఊరి పేరు ఒకదాని మీద ఒకటి రెండుసార్లు పడి, ఏ అక్షరం ఏదో తెలియకుండా పోయింది. చూస్తే అదనంగా ఒక్క చొక్కా కూడా లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. జుబేదా గారి దగ్గరికి పరుగెత్తుదామని గడప దాకా వెళ్లింది. చూపించక్కర్లేదన్న మాట గుర్తొచ్చి, వెనక్కి వచ్చింది.

ఈసారి చట్రం జరగకుండా మడత బందులు వేసి బల్లకు బిగించింది. పాడైన చొక్కా ఆరాక లోపలివైపు బయటికి తిప్పి పరిచింది. ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగింది. చట్రం ఎత్తేసరికి "కొత్తరేవు" అంచు చెదరకుండా నిలిచి ఉంది. మిగతా చొక్కాలూ అలాగే వేసింది. సాయంత్రానికి అన్నీ ఆరాయి. రంగు వదలకుండా ఇస్త్రీ పెట్టె అద్ది, పిల్లలకు పంచింది.

పోటీ రోజున పిల్లలు వరుసగా నిలబడ్డారు. జట్టు నాయకురాలు వీరకుమారి చొక్కా కిందికి లాగి, రొమ్ము విరుచుకుంది. మైకు పట్టుకున్నాయన మెడ సాచి చూసి గట్టిగా అన్నాడు: "బరిలోకి దిగుతున్నది కొత్తరేవు జట్టు!" జనం ఆ పేరే అందుకున్నారు. పిల్లలు ఒక ఆట గెలిచి, రెండోది ఓడారు. ఓడినప్పుడు కూడా జనం ఆ పేరే పెట్టి అరిచారు. జనంలో నిలబడ్డ నాంచారి మాత్రం అరవకుండా ఆ చొక్కాల మీది అక్షరాలనే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు జుబేదా గారు అడిగారు. "ఏమన్నారు?"

"చొక్కాల గురించి ఎవరూ ఏమీ అనలేదమ్మా" అంది నాంచారి తల నిటారుగా పెట్టుకుని. "మైకులో మా ఊరి పేరు చదివారు."

"తడుముకోకుండా చదివాడా?"

"అస్సలు తడుముకోలేదు."

"మరి నీ పని బాగుందో లేదో ఇంకా నన్నడుగుతావేం?" అన్నారు జుబేదా గారు.