జబ్బు పేరుతో వెతికిన జింక

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వెబ్‌సైట్. నవ్వకండి పిల్లలూ, నిజంగానే వెబ్‌సైట్. దాన్ని పెట్టింది ముంగిస. ఏ ఆకు ఏ జబ్బుకు పనిచేస్తుందో అందులో రాసి పెట్టింది.

మొదట్లో అందులో ఉన్నవి మూడొందల ఆకులే. అవన్నీ ముంగిసకు కంఠతా వచ్చు. తర్వాత పక్క అడవుల జంతువులు కూడా తమకు తెలిసినవి చేర్చాయి. చూస్తుండగానే లక్ష దాటాయి. ముంగిస ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

ఇంతలో వానాకాలం వచ్చింది. అడవంతా దగ్గులు, జ్వరాలు. అందరూ ఒకేసారి మందు వెతకడం మొదలుపెట్టారు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది, మందు మాత్రం వచ్చేది కాదు. "ఇది నత్తనడక నడుస్తోంది" అని అందరూ విసుక్కున్నారు.

ముంగిస స్వయంగా సరిచూసుకుంది. 'నేలవేము' అని కొట్టింది. రెప్పపాటులో వచ్చేసింది.

"నాకు బాగానే వస్తోందే. మీరే సరిగ్గా కొట్టడం లేదు," అంది మీసం దువ్వుకుంటూ.

గొడవ ఆగలేదు. ఏనుగు వచ్చింది. "కంప్యూటర్ చాలడం లేదు మావా, పెద్దది పెట్టు," అని ఒకటి మోసుకొచ్చింది. రెండు రోజులు బాగుంది. మూడో రోజు చక్రం మళ్ళీ తిరిగింది.

కోతి వచ్చింది. "ఒక్కటి ఏ మూలకు? పది పెట్టు," అని కొమ్మకొకటి కట్టేసింది. వారం బాగుంది. తర్వాత పదింటిలోనూ చక్రాలే.

ఒక పొద్దున జింక రొప్పుతూ వచ్చింది. దాని వీపు మీద పిల్ల వేలాడుతోంది. చుక్కల పుట్టగొడుగు తినేసిందట. నోట నురగ, కాళ్ళలో వణుకు. ఆ విషానికి విరుగుడు ముంగిసకు తెలియదు. లక్ష ఆకుల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ వెతికితే ఎంతసేపు పడుతుందో ఎవరికి తెలుసు?

"ఇంకా పెద్దది తెస్తాను," అంది ఏనుగు.

"ఇంకో పది తెస్తాను," అంది కోతి.

"తేవడం తర్వాత," అని కింద నుంచి ఒక గొంతు వినిపించింది. చూస్తే నత్త. "ఆలస్యమైన ప్రతిదానికీ నా పేరే పెడుతున్నారట. సంగతేమిటో చూద్దామని మొన్న బయల్దేరాను. ముందు ఆ జింకమ్మ వెతుకుతుంటే పక్కన కూర్చుని చూడు ముంగిస బాబూ."

ముంగిసకు చిర్రెత్తుకొచ్చింది. కూర్చుని చూసే సమయమా ఇది? కానీ రెండుసార్లు తెచ్చి పెట్టినా తేలిందేమీ లేదు. పళ్ళు బిగబట్టి జింక పక్కన కూర్చుంది.

జింక 'పుట్టగొడుగు విషం' అని కొట్టింది. చక్రం మొదలైంది.

"అలా కాదమ్మా. ఆకు పేరు కొట్టాలి."

"ఆకు పేరే తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను అన్నయ్యా?"

ముంగిస గబగబా తన సూచిక తెరిచింది, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక అది. తను తయారుచేసిన సూచికలో ఉన్నవన్నీ ఆకుల పేర్లే. పేరు కొడితే కంప్యూటర్ సూచిక చూసి నేరుగా అక్కడికే వెళ్తుంది. జబ్బు కొడితేనో? దానికి సూచికే లేదు. పాపం, లక్ష ఆకులనూ మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది. ఒకరి కోసం కాదు, ఒకేసారి వందమంది కోసం వందసార్లు చదువుతుంది.

"అందరి వెతుకులాటా ఆపు," అని ముంగిస కోతిని తొందరపెట్టింది. వరసలో ఉన్న ఎలుగుబంటి గుర్రుమంది. అయినా ఆపేశారు. ఇప్పుడు కంప్యూటర్‌కు ఒకటే పని. లక్ష ఆకులనూ ఒక్కసారి చదివి, జబ్బుల వారీగా రెండో సూచిక రాసుకోవాలి.

పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి. జింక దాని నుదురు నాకుతూనే ఉంది. పది వేలు అయ్యాయి. యాభై వేలు. తొంభై వేలు. ఏనుగు కూడా ఊపిరి బిగబట్టింది.

లక్షా అయ్యాయి. జింక మళ్ళీ కొట్టింది. చక్రం కనబడే లోపే జవాబు వచ్చింది. ఏటి గట్టున పెరిగే వెండితీగ. కోతి ఒకే పరుగున వెళ్ళి తెచ్చింది. రసం గొంతులో పడిన కాసేపటికి పిల్ల తుమ్మింది. తర్వాత లేచి, తూలుతూ తల్లి పొదుగు వెతుక్కుంది.

కోతి గంతులేసింది. ఎలుగుబంటి కోపం మరిచి తన దగ్గు సంగతి వెతుక్కుంది. దానికీ రెప్పపాటులో దొరికింది. ముంగిస మాత్రం తల దించుకుని జింక ముందు నిలబడింది.

"తప్పు నాదేనమ్మా. ఇన్నాళ్ళూ తెలిసినవాడిలా వెతికి చూసుకున్నాను. నొప్పితో వచ్చినవాళ్ళు ఎలా వెతుకుతారో ఒక్కసారీ చూడలేదు."

నీతి: పని ఎక్కడ ఆగుతోందో తెలుసుకోకుండా బలం పెంచితే ప్రయోజనం లేదు. అది తెలియాలంటే, ఇబ్బంది పడుతున్నవారి పక్కన కూర్చుని చూడాలి.