తెరకి ఇవతల

సువార్తకి ఒళ్ళు మండిపోయింది. నర్సింగ్ స్కూలు డ్యూటీ చార్టులో, రేపటి గడిలో, తన పేరు పక్కన ప్రిన్సిపాల్ దానమ్మగారు "సెలవు" అని రాసి పెట్టారు! రేపు వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్, నిజమే. అయితే మాత్రం? తను రెండేళ్ళుగా ఒక్క సెలవు పెట్టని టీచరు, ఆదివారం కూడా వార్డు వదలని మనిషి. చరచరా వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది.

"నాకు సెలవొద్దండీ. నేను లేకపోతే ఆ పిల్లలు గుడ్లప్పగించి నిలబడతారు. మందుల ట్రేలు సర్దడం కూడా నేనే. ఊళ్ళో అమ్మని తమ్ముడు చూసుకుంటాడు."

"అమ్మ ఏమంది?"

"నువ్వే రావాలంది. అమ్మలంతా అలాగే అంటారులెండి."

దానమ్మగారు "పద" అని వార్డుకి దారి తీశారు.

ఏడో మంచం దగ్గర రెండో ఏడు చదివే తబిత ఒక ముసలాయనకి మందు కలిపిన సెలైన్ పెట్టబోతోంది. సువార్త కనపడగానే ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. "టీచర్, పెట్టెయ్యనా?"

సువార్త నోరు తెరిచేలోగా దానమ్మగారు మంచం చుట్టూ ఉన్న పచ్చ తెర సర్రున లాగేశారు. పిల్ల అవతల, వీళ్ళిద్దరూ ఇవతల.

ఎంతసేపటికీ అలికిడి లేదు. సువార్త లోపలికి వెళ్ళబోతే దానమ్మగారు మణికట్టు పట్టుకున్నారు. వయసు అరవై, పట్టు మాత్రం ఉడుంపట్టు.

"తాతా, మీ పేరు చెప్పండి" అంది తెర వెనక సన్నని గొంతు.

"కొండలరావమ్మా."

"ఆగండి తాతా... ఈ సీసా మీద ఇంకెవరి పేరో ఉంది. ఇది మీది కాదు."

సువార్త మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. పొద్దున్న ఆ ట్రే సర్దింది తనే. టీచర్ పెట్టారు కదా అని ఆ పిల్లలెవరూ పేరు చూసుకోరు. తను చూసుకోనిస్తే కదా!

తబిత సీసా పట్టుకుని బయటికొచ్చింది. టీచర్ కేసి కూడా చూడకుండా మందుల గదికి గబగబా నడిచింది.

దానమ్మగారు చెయ్యి వదిలారు.

"ఇన్నాళ్ళకి ఆ పిల్ల ఇవాళ తనంతట తను డ్యూటీ చేసింది. మీ ఊరి బస్సు ఎన్నింటికి?"

సువార్త కళ్ళు తుడుచుకుంది.

"నాలుగింటికుందండీ."