తప్పుల గంట

వెనకటికి రేగడిపురం అనే రాజ్యాన్ని రుద్రసేనవర్మ ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాని తనంత నిక్కచ్చి మనిషి భూలోకంలో లేడని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సభలో ఒక గంట వేలాడదీయించాడు. కొలువులో ఎవరైనా తప్పు చేస్తే ఆ గంట మూడుసార్లు కొట్టించి, నలుగురిలో నిలబెట్టి తప్పు చాటించేవాడు.

"తప్పు చెప్పడానికి మొహమాటం దేనికయ్యా?" అనేవాడు.

గంట వచ్చాక తప్పులు తగ్గాయా అంటే, లేదండీ. తప్పులు దాచడం పెరిగింది.

ఒక ఏడు రాజుగారి పుట్టినరోజు సంతర్పణ జరిగింది. ఆ రోజు గంగాళంలో కాగే పులుసులో రాజుగారే స్వహస్తాలతో ఉప్పు వేయాలని ఆచారం. వేశారు. మధ్యాహ్నం పొరుగు రాజ్యపు అతిథులు ఒక్క ముద్ద నోట పెట్టారో లేదో, అందరి చేతులూ నీళ్ల చెంబుల మీదికి పోయాయి. రాజుగారి ముఖం జేవురించింది.

"రేపు సభలో వంటపెద్ద వేంగళయ్యకు గంట కొట్టించి, ఊరు దాటించండి" అన్నారు.

వేంగళయ్య ముప్పై ఏళ్లుగా ఆ వంటశాలనే నమ్ముకున్నవాడు. సరాసరి ఆస్థానంలో మాటకారి అయిన ముద్దుభట్టు ఇంటికి వెళ్లాడు.

"ఒక గుప్పెడు వేయాల్సిన ఉప్పు ప్రభువులు మూడు గుప్పిళ్లు వేశారు భట్టుగారూ. మంత్రిగారితో మాటల్లో పడి, వేసిన సంగతే మరిచారు."

"అప్పుడే చెప్పకపోయావా?"

"రాజుగారి తప్పు ఎత్తిచూపితే నాకు గంట మోగదా? నోరు పెగల్లేదు. ఈ వయసులో ఏ ఊరు పోను?" అని కళ్లొత్తుకున్నాడు.

"రేపు తలెత్తుకుని సభకు రా. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు ముద్దుభట్టు.

మర్నాడు సభ కిటకిటలాడింది. అతిథులు ముందు వరసలోనే కూర్చున్నారు. బంటు గంట దగ్గరికి వెళ్లేలోగా ముద్దుభట్టు కొయ్యసుత్తి చేతపట్టాడు.

"ఏమిటది భట్టూ?" అన్నారు రాజుగారు.

"ఈ సంతర్పణలో ఇంకొకరి తప్పు కూడా ఉంది ప్రభూ. చాటిద్దామని."

"చాటించు. ఎంతటివాడైనా సరే. ఎవరతను?"

"తమరే."

రాజుగారు అతిథుల వంక ఓరగా చూసి మీసం సర్దుకున్నారు.

"ఏం తప్పు?"

"గంట కొట్టాకే చెప్పాలి. ఆచారం తప్పకూడదు కదా" అంటూ సుత్తి ఎత్తాడు.

"ఆగు, ఆగు. ముందు నా చెవిలో చెప్పు."

"చెవిలోనా? తప్పు చెప్పడానికి మొహమాటం దేనికని తమరే సెలవిచ్చారు."

"ఇంతమందిలో పరువు తీస్తావా ఏమిటయ్యా? నిజంగా తప్పయితే నేను దిద్దుకోనా? పక్కకు పిలిచి నెమ్మదిగా చెబితే నీ సొమ్మేం పోయింది?"

ముద్దుభట్టు సుత్తి కింద పెట్టేశాడు.

"ఏమీ పోదు ప్రభూ. ఆ మాట తమ నోట వినాలనే ఇంత సాహసం చేశాను."

సింహాసనం దగ్గరికి వెళ్లి, వంగి, మూడు గుప్పిళ్ల సంగతి చెవిలో చెప్పాడు. రాజుగారు తన అరచేతి వంక చూసుకున్నారు. గుర్తొచ్చింది.

"మరి వేంగళయ్య నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అన్నారు మెల్లగా.

"గంటకు జడిశాడు. సింహాసనం మీద కూర్చున్న తమరే జడిస్తే, గరిటె పట్టుకునేవాడు జడవడా?"

రాజుగారు ఉన్నట్టుండి పకపకా నవ్వారు. లేచి నిలబడి, "ఆ ఉప్పు నా చేతిది. వేంగళయ్య తప్పు ఆవగింజంత లేదు" అని అందరూ వినేలా అని, తన శాలువా తీసి అతనికి కప్పారు. వేంగళయ్య ఏడ్చేశాడు.

"నీకేం కావాలో కోరుకో భట్టూ."

"ఆ గంట ఇప్పించండి."

"ఏం చేసుకుంటావు?"

"ఇక్కడే ఉంచుతాను. ఎవరైనా పని బాగా చేసిన రోజున కొడతాను. తప్పు చెవిలో, మెప్పు సభలో."

రాజుగారు నవ్వుతూ గంటతోపాటు తన చేతి కంకణం కూడా ఇచ్చారు.

మరుసటి ఏడు సంతర్పణనాడు రాజుగారు ఒక గుప్పెడు ఉప్పు వేసి, ఏదో మాట్లాడుతూ రెండోదానికి చెయ్యి చాచారు. వేంగళయ్య ఉప్పు పళ్లెం కాస్త వెనక్కి లాగి, ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. రాజుగారు నవ్వి చెయ్యి దులుపుకున్నారు.

ఆ పూట గంట మోగింది, పులుసు కుదిరినందుకు.