పులికొండ గృహప్రవేశం

వేములదుర్గాన్ని ఏలే రంగభూపతికి ఒకరోజు పళ్లు తోముకుంటుండగా ఆలోచన వచ్చింది. తన జంతుశాలలోని ఆడపులి బంగారి ఇంకా బోనులో ఉండటమేమిటి? దానికొక కొండ కట్టాలి. గుహ, జలపాతం, చుట్టూ రాతిగోడ. చూసినవాళ్లు అడవికొచ్చామనుకోవాలి!

దివాణంలో పాత పద్ధతి ఒకటుంది. ఎవరు తక్కువకు పాడితే వాళ్లకే పని. గుత్తేదారు పానకాలరాయుడు ఎంత తక్కువకు పాడాడంటే, రాతిపనివాళ్లు "ఆ సొమ్ముకి గులకరాళ్లు కూడా రావు" అని తలగుడ్డలు దులుపుకుని వెళ్లిపోయారు.

అయినా నెల తిరక్కుండా కొండ లేచింది! రాజుగారి ఆసనం మాత్రం పానకాలరాయుడు అల్లంత దూరాన వేయించాడు.

"పులి కదా ప్రభూ, దూరం నుంచే చూడాలి."

రాజుగారు చూసి మురిసిపోయారు. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అన్నారా!

బంగారి మాత్రం మురవలేదు. బోనును కొండ గుమ్మానికి ఆనించి తలుపు తీస్తే గుమ్మం దాకా వచ్చింది, గోడను వాసన చూసింది, గట్టిగా తుమ్మింది, వెనక్కి తిరిగి పడుకుంది. మూడు రోజులూ అదే తంతు.

"కొండకేం తక్కువ ప్రభూ? కాపరి ఎర్రన్నే గారాబం చేసి దాన్ని చెడగొట్టాడు" అన్నాడు పానకాలరాయుడు.

రాజుగారికి కోపమొచ్చింది. శుక్రవారానికి పులి కొండలో లేకపోతే ఎర్రన్న ఊళ్లో ఉండకూడదన్నారు.

ఎర్రన్న లబోదిబోమంటూ ఆస్థానంలో పంచాంగం చెప్పే కొండుభొట్లు దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యవారూ, కూనప్పుడు మేకపాలు పట్టి పెంచానండి దాన్ని. అదిక్కడ, నేనెక్కడో, ఎట్టా బతికేదండి? బంగారి మొండిది కాదు. ఆ గోడ వాసన చూసి నా మొకం చూసిందండి, ఇందులోకా అన్నట్టు!"

"గోడకు వాసనేమిట్రా?"

"గంజి వాసనండి."

కొండుభొట్లు పిలక ముడేసుకున్నాడు. ఆయన పిలక ముడేశాడంటే ఎవరికో మూడిందన్నమాటే.

శుక్రవారం ఊరంతా కొండ ముందు చేరింది. రాజుగారు ఎర్రన్నను పిలిచేలోపే కొండుభొట్లు పంచాంగం విప్పాడు.

"ప్రభూ, తప్పు మనదే. కొత్తింట్లో పాలు పొంగించకుండా ఎవరైనా దిగుతారా? బంగారి ఆచారం తెలిసిన పులి!"

రాజుగారు నాలుక కరుచుకున్నారు. "నిజమే సుమా! ముందు ఆవును లోపలికి తోలాలి కదా?"

"తోలొచ్చు ప్రభూ. వెనకాల ఎవరొస్తున్నారో ఆవుకు ముందే చెప్పడం న్యాయం."

రాజుగారు ఆవు సంగతి వదిలేశారు. పొయ్యి, పాలకుండ వచ్చాయి.

"ఒక్కటే నియమం. ఇల్లు కట్టిన చెయ్యే పాలు పొంగించాలి. కట్టని చెయ్యి కుండను తాకిందా, ఏడాది తిరిగేలోగా చచ్చుబడుతుంది. రండి రాయుడుగారూ, కుండ అందుకోండి!"

పానకాలరాయుడు ముహూర్తం చూడనిదే గోళ్లు కూడా తీయించుకోడు. కుండ దాకా వెళ్లిన చెయ్యి చటుక్కున చంకలో దాచుకున్నాడు.

"అంటే... గుత్త నా పేరునే గానీ ప్రభూ, పని మా బావమరిదికి అప్పగించాను."

బావమరిది రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. "నేను మా తోడల్లుడికి ఇచ్చేశాను ప్రభూ."

తోడల్లుడు చేతులు ఉత్తరీయంలో చుట్టేసుకుని, గుంపులోకి గడ్డంతో చూపించాడు. "కట్టింది అదుగో, ఆ దాలయ్య."

దాలయ్య వీధినాటకాలకు తెరలు, రథాలు, కొండలు కట్టేవాడు. రాజుగారి ముందు తన పేరు వినబడేసరికి సంబరంగా వచ్చాడు. పొయ్యి చూడగానే గుండె బాదుకున్నాడు.

"అమ్మబాబోయ్, లోపల నిప్పెట్టకండి దొరా! వెదురుబద్దలు, గోనెగుడ్డ, గంజి పూసిన కాగితం! భగ్గుమంటది! నా చేతికొచ్చిన సొమ్ముకి అంతే వచ్చింది దొరా."

"పులి ఉండే కొండను కాగితంతో కట్టావా?" అని రాజుగారు గర్జించారు.

"నిజం పులా? పులివేషం అనుకున్నానండీ!"

రాజుగారు ఆసనం దిగి విసవిసా నడిచి, గోడను వేలితో పొడిచారు. వేలు ఉంగరంతో సహా లోపలికి పోయింది. జనం కడుపులు పట్టుకుని నవ్వారు. బంగారి మళ్లీ తుమ్మింది.

"పానకాలరాయుడూ, ఈసారి రాతిపనివాళ్లు కడతారు. వాళ్లడిగింది నువ్విచ్చుకో. రాళ్లు మోసేది కూడా నువ్వే, నీ చేత్తోనే. ఎర్రన్న బాగుందన్నాకే పని పూర్తయినట్టు!"

ఎర్రన్న బోనులోకి దూరి బంగారి మెడ కావలించుకుని ఏడ్చేశాడు. పాలకుండ మొత్తం దానికే పోశాడు.

"కొండుభొట్లూ, ఇంతకీ ఆ నియమం ఏ పుటలో ఉందయ్యా?"

"పంచాంగం తలకిందులుగా పట్టుకున్నాను ప్రభూ, పుట సంఖ్య కనబడలేదు."

రాజుగారికి నవ్వాగలేదు. "నీకొక మేడ కట్టించి ఇస్తానయ్యా!"

కొండుభొట్లు ఆయన కాళ్లు పట్టేసుకున్నాడు.

"ఎవరికి గుత్తకిస్తారు ప్రభూ?"

రాజుగారు కళ్లు తుడుచుకుంటూ మేడ మాట మాని, వేలి ఉంగరం తీసి ఇచ్చారు. దానికింకా గంజి కాగితం అంటుకునే ఉంది.