చెంగయ్య నమ్మని మంచు

మంచుకొండల్లో మంచే కురవని ఏడు ఒకటి వచ్చిపడింది. పుష్యమాసం వచ్చినా వాలులన్నీ నల్లరాళ్ళు తేలి బోసిగా ఉన్నాయి. ఉన్న కాస్త గడ్డినీ మంచు కప్పకపోవడంతో అందరూ కలిసి ఎప్పుడో మేసేశారు. చలికాలమంతా గుహలో గురకపెట్టాల్సిన ఎలుగుబంటి బొద్దప్పకు చలి చాలక నిద్ర పట్టడం లేదు. ఆయనే ఆ కొండకు పెద్ద. పలకరిస్తే కసురుతున్నాడు, పలకరించకపోతే అలుగుతున్నాడు.

అందరికంటే ఎక్కువ దిగులు మాత్రం జడలబర్రె గుబురమ్మది. ఆ కొండమీదున్న ఒకే ఒక్క మంచుబండి ఆవిడ చేతిలో ఉంది. ఎప్పుడో కొండెక్కిన మనుషులు తుపానుకు జడిసి వదిలేసి పోయిన బండి అది. ముందు జారుడు చెక్కలు, కింద గిరగిరా తిరిగే రబ్బరు పట్టా, నడుమ మోటారు. వెనక ఒక తడక కట్టి, అందులో కుందేళ్ళనీ కొండమేకలనీ కూర్చోబెట్టుకుని గుబురమ్మ మంచుమీద షికారు తిప్పేది. పెట్రోలు ఎక్కడిదని మాత్రం అడక్కండి. నక్క మాట్లాడిందంటే ఊ కొట్టేవాళ్ళు పెట్రోలు దగ్గర పట్టుబట్టడం న్యాయం కాదు.

షికారుకొచ్చినవాళ్ళు తమ గుహల్లో దాచుకున్న ఎండుగడ్డి తలా ఒక నోటెడు తెచ్చి ఇచ్చేవాళ్ళు. గుబురమ్మకూ, నెలలు నిండకుండా పుట్టిన ఆవిడ దూడకూ చలికాలం గడిచేది ఆ గడ్డితోనే. ఈ ఏడు మంచు లేదు, షికారు లేదు, గడ్డీ లేదు. దూడ పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం నక్క చెంగయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. ఊరికే వచ్చే మనిషి కాదు. దూడ ఒంటిమీద చెయ్యి వేసి, అయ్యో చిక్కిపోయిందే అని జాలిపడి, ఆ జాలి ఆరకముందే అసలు సంగతిలోకి దిగాడు.

"ఏమీ అనుకోకు అత్తా. నువ్వా, భారీమనిషివి. ఇంత పల్చటి మంచుమీద నువ్వు కూర్చుంటే బండి కదులుతుందా? అదే నేనైతే దూదిపింజలా ఉంటాను. పున్నమినాడు నేను పోటీకి నిలబడదామనుకుంటున్నా."

కొండమీద ఈ పోటీకో కట్టుబాటు ఉంది. పుష్యపున్నమినాడు మొదటి సవారీ చేస్తారు. కింద మడుగు దగ్గర బయల్దేరి పైన కావలిరాయి దాకా బండి ఎక్కడా ఆగకుండా పోవాలి. ఎవరైనా పోటీకి వస్తే ముందు వంతు వాళ్ళదే. వాళ్ళు గట్టెక్కారా, బండి వాళ్ళ చేతికి పోతుంది. ఇంకో మాట కూడా ఉంది. పోటీకి వచ్చినవాడు మంచు ఎక్కడుందని అడిగితే, బండి ఉన్నవాళ్ళు పదిమందిలో చెప్పి తీరాలి. కొండమీద మంచు ఒకరి సొత్తు కాదని పూర్వం పెద్దలు పెట్టిన నియమం. ఏటా కొండంతా తెల్లగా ఉంటుంటే ఆ మాట అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఈ ఏడు వచ్చింది.

చెంగయ్య చేతికి బండి పోతే వాడు తన దూడకు పరక కూడా విదల్చడని గుబురమ్మకు తెలుసు. ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదని ఆ రోజే మంచు వెతకడానికి బయల్దేరింది. దేవదారు చెట్ల కింద చూసింది. గుప్పెడు గుప్పెడు తెల్లదనం, కింద బురద. గాలి తెచ్చి పోసే గుంటల్లో చూసింది. కరిగి నీళ్ళయి ఉంది. ఆ బండికి తెల్లగా కనిపిస్తే చాలదు, లోతుండాలి. పట్టా తిరుగుతూ మంచును పైకి చిమ్మితే మోటారు చల్లబడుతుంది. మంచు అందకపోతే కాసేపటికే పెనంలా కాలి ఆగిపోతుంది.

తిరిగి తిరిగి చివరికి నీడలోయలోకి దిగింది. కొండకు ఉత్తరాన ఉన్న ఇరుకు లోయ అది. చలికాలంలో ఎండ అందులోకి తొంగి కూడా చూడదు. అక్కడ నిరుడు మిగిలిందీ, ఈ ఏడు అరకొరగా పడిందీ కలిసి మోకాలి లోతు మంచుంది. మడుగు దగ్గర మొదలై కావలిరాయి కిందిదాకా తెల్లటి దారి. గుబురమ్మకు ప్రాణం లేచి వచ్చింది. కానీ సగం దూరం పోయేసరికి గాలి ఊడ్చేసిన చోటొకటి వచ్చింది. అక్కడ వట్టి బండరాయి.

ఆవిడ ఆగిపోయి ఆ రాయిని చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి వెళ్ళి మంచులో పడి అటూ ఇటూ దొర్లింది. జడలు జడలుగా వేలాడే ఒంటి వెంట్రుకల నిండా మంచు పట్టుకుంది. ఆ బరువుతో నడిచొచ్చి రాయిమీద నిలబడి ఒళ్ళు విదిల్చింది. కాస్త తెల్లబడింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ దొర్లింది. పున్నమిదాకా రోజూ అదే పని. పొద్దు వాలే వేళకు ఆ పోసిన మంచును బరువైన గిట్టలతో గట్టిగా తొక్కేది. తొక్కిన మంచు రాత్రి చలికి బిగుసుకుని తెల్లారేసరికి పలకలా తయారయ్యేది. చెంగయ్య వెక్కిరించిన బరువే అక్కడ పనికొచ్చింది.

పున్నమినాటి ఉదయం కొండకోడి పోలమ్మ ఆవిడ కొమ్ముమీద వాలింది. ఇద్దరిదీ పాత స్నేహం.

"వదినా, వాడు అడుగుతాడు. నీడలోయ అని మాత్రం చెప్పకు. పైన ఎండవాలు ఉంది చూడు, అక్కడని చెప్పు. వాడెలాగూ నిన్ను ముంచాలనే చూస్తున్నాడు. వాడి దగ్గర నిజాయితీ ఎందుకు?"

గుబురమ్మ ఆలోచించింది. దూడ మొహం గుర్తొచ్చింది. ఒళ్ళు హూనం చేసుకుని తాను పరిచిన దారిమీద నక్క హాయిగా ఎక్కిపోతుంటే చూడటం తన వల్ల కాదనిపించింది. సరే, ఎండవాలనే చెప్తానంది. మడుగుదాకా పోతూ ఆ మాటను లోపల లోపల వల్లించుకుంది.

మడుగు దగ్గర అందరూ చేరారు. ఎండవాలు ఆ పొద్దున నిజంగానే వెండిలా మెరుస్తోంది. రాత్రి పేరిన నూగుమంచు రాళ్ళమీదా నాచుమీదా పరుచుకుని ఉంది. గోరు లోతు కూడా ఉండదు. కొండమీద పుట్టినవాళ్ళెవరికైనా దాని సంగతి తెలుసు. చెంగయ్యకూ తెలుసు. కానీ వాడు వాలును చూడటం లేదు, గుబురమ్మ మొహాన్నే చూస్తున్నాడు.

బొద్దప్ప ఆవులిస్తూ కానివ్వమన్నాడు. చెంగయ్య గొంతు సవరించుకుని, తనకు బండిమీద ఆశ లేదనీ, ఏదో నలుగురి మేలు కోసమే ముందుకొచ్చాననీ మొదలుపెట్టి చాలాసేపు ఉపన్యాసం ఇచ్చాడు. పొద్దెక్కింది. అప్పుడు అడిగాడు.

"చెప్పత్తా. మంచు ఎక్కడుంది?"

గుబురమ్మ నోరు తెరిచింది. ఎండవాలు అన్న మాట గొంతుదాకా వచ్చింది. ఎదురుగా కుందేళ్ళున్నాయి, మేకలున్నాయి, ఏళ్ళ తరబడి తన మాట నమ్మి తడకలో పిల్లల్ని కూర్చోబెట్టినవాళ్ళున్నారు. మాట అక్కడే అడ్డం పడింది.

"నీడలోయలో ఉంది" అంది తల వంచుకుని. "మధ్యలో రాయి తేలిన చోట నేనే మంచు పోసి తొక్కాను. గట్టిగానే ఉంది. పోవచ్చు."

పోలమ్మ రెక్కతో మొహం కప్పుకుంది. గుబురమ్మకు కళ్ళు చెమర్చాయి. అయిపోయింది, నా బిడ్డ నోటి కూడు నేనే తీసి వాడి చేతిలో పెట్టాను అనుకుంది.

చెంగయ్య మీసాలు దువ్వుకున్నాడు. ఆవిడను ఎగాదిగా చూశాడు. లోయ మొదట్లో ఉన్న గిట్టల గుర్తుల వైపు చూశాడు, మెరుస్తున్న ఎండవాలు వైపు చూశాడు, చిన్నగా నవ్వాడు.

"మేమూ ఈ కొండమీదే పుట్టాం అత్తా" అని బండి ఎక్కి, దాని ముక్కు ఎండవాలుకు తిప్పాడు.

గుబురమ్మ తెల్లబోయి చూస్తోంది. బండి బుర్రుమంటూ పైకి లేచింది. మొదట బాగానే పోయింది. చెంగయ్య వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు. ఉపన్యాసం సాగినంతసేపూ ఎక్కిన ఎండ ఆ నూగుమంచును అప్పటికే నీరు చేస్తోంది. పట్టా కింద మంచుకు బదులు నాచు చిరిగింది, రాళ్ళు గీసుకున్నాయి. మోటారు గొంతు మారింది. కాస్త పైకి పోయేసరికి ఆవిర్లు కక్కి, రెండుసార్లు దగ్గి, బండి నిలబడిపోయింది. చెంగయ్య తిట్టాడు, తన్నాడు, తన్నిన కాలు పట్టుకుని గెంతాడు. చివరికి దాన్ని ఒంటరిగా కిందికి తోసుకొచ్చాడు. దూదిపింజలాంటి మనిషికి అది చెమటలు పట్టించే పని.

గుబురమ్మ ముందు బండి బాగోగులు చూసింది. పట్టా తెగలేదు. నీడలోయ నుంచి మంచు తెచ్చి మోటారు మీద పోసి, చుయ్యిమన్న చప్పుడు ఆగేదాకా ఓపిక పట్టింది. తర్వాత ఎక్కింది. బండి కుంగింది, మూలిగింది, కదిలింది. లోయలో మంచు రెండు పక్కలా తెల్లగా చిమ్ముతూ పోతోంది. సగం దూరంలో రాయి చోటు రాగానే ఆవిడ ఊపిరి బిగబట్టింది. పలక కిర్రుమంది. విరగలేదు. పట్టా దాన్ని కరుచుకుని దాటేసింది. ఆ తర్వాత కావలిరాయి దాకా గుబురమ్మ నవ్వుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. ఇన్నాళ్ళ బరువు గుండెల మీంచి దిగిపోయింది. పైనుంచి చూస్తే కుందేళ్ళు అప్పుడే గడ్డి కోసం గుహలకు పరుగెడుతున్నాయి. ఈ పూట దూడ కడుపునిండా తింటుంది అనుకుంటే ఆవిడకు ఒళ్ళంతా తేలికైపోయింది.

అంతా ముగిసిందనుకుంటుండగా చెంగయ్య బొద్దప్ప ముందుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనకు అన్యాయం జరిగిందట, పంచాయితీ చెయ్యాలట.

"ఈవిడ నన్ను మోసం చేసింది పెద్దయ్యా."

"ఏం, మంచు లేనిచోట ఉందని చెప్పిందా?"

"లేదు. ఉన్నచోటే చెప్పింది. అదే మోసం. పోటీకి వచ్చినవాడికి ఎవరైనా నిజం చెప్తారా? నన్ను అటు పంపడానికే అంటోంది అనుకున్నాను. ఆ గిట్టల గుర్తులు కూడా నన్ను నమ్మించడానికి వేసినవే అనుకున్నాను. ఇంత పని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు."

బొద్దప్ప గుబురమ్మ వైపు తిరిగి, దీనికి నువ్వేమంటావని అడిగాడు.

"ఏముంది పెద్దయ్యా, అడిగాడు, చెప్పాను" అంది గుబురమ్మ. అబద్ధం చెబుదామనే వచ్చానన్న సంగతి మాత్రం పోలమ్మకూ తనకూ మధ్యే ఉంచేసుకుంది.

మొదట పోలమ్మ కిసుక్కుమంది, తర్వాత మేకలు, ఆ తర్వాత కొండంతా. నెల రోజులుగా మొహం ముడుచుకున్న బొద్దప్ప కూడా పొట్ట పట్టుకున్నాడు. చెంగయ్య మాత్రం అందరూ ఎందుకు నవ్వుతున్నారో నిజంగానే అర్థంకాక, మొహాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షగా చూస్తూ, ఇందులో ఇంకేం ఎత్తు ఉందోనని ఆలోచించుకుంటూ వెళ్ళిపోయాడు.

అబద్ధంతో బతికేవాడిని ముంచడానికి ఎవరూ ఎత్తు వెయ్యక్కర్లేదు, ఎదుటివాళ్ళు నిజం చెప్తే చాలు.